మాలినిన్ తర్వాత ఎవరు? జూనియర్ ఫలితాలను చదవవలసిన తీరు

నమస్కారమండీ. జూనియర్ పతకాల పట్టిక ఎంత చూసినా, 2030 ఒలింపిక్స్ నాటికి అమెరికా పురుషుల ఫిగర్ స్కేటింగ్‌లో ఇలియా మాలినిన్‌కు తోడుగా ఎవరు ఎదుగుతారో తేల్చుకోలేకపోతున్నానని మీరు రాశారు. పతకాలను పక్కనపెట్టి, పోటీ ముగిశాక విడుదలయ్యే మార్కుల పత్రాన్ని తెరవండి.

అందులో మొదట చూడవలసింది ట్రిపుల్ యాక్సెల్. పోటీలో మొదట వచ్చే చిన్న ప్రదర్శన షార్ట్ ప్రోగ్రామ్; జూనియర్లకు అందులో నాలుగు చుట్ల జంపులకు అనుమతి లేదు కనుక, ముందుకు చూస్తూ ఎగిరి మూడున్నర చుట్లు తిరిగే ఈ జంపే అక్కడ కుర్రాళ్ల స్థాయిని వేరుచేసి చూపుతుంది. తర్వాత ఫ్రీ స్కేటింగ్‌లోని, అంటే రెండో, పొడవైన ప్రదర్శనలోని చివరి జంపులను గమనించండి. కాళ్లు అలసిన వేళ కూడా చుట్టు తక్కువైందన్న గుర్తు మార్కుల పత్రంలో లేదంటే ఆ టెక్నిక్ నిలబడేదే. సీనియర్ స్థాయిలో ఫ్రీ స్కేటింగ్ మూడున్నర నిమిషాల నుంచి నాలుగు నిమిషాలకు పెరుగుతుంది కాబట్టి ఈ ఓపికే కీలకం.

2024 డిసెంబరులో గ్రెనోబుల్‌లో జూనియర్ గ్రాండ్ ప్రి ఫైనల్ గెలిచిన అమెరికా కుర్రాడు జేకబ్ శాంచెజ్‌పై నాకు గట్టి ఆశ ఉంది. అయినా తొందరపడి తీర్పు చెప్పకండి. అమెరికా స్కేటర్ నేథన్ చెన్ 2018 ఒలింపిక్స్ షార్ట్ ప్రోగ్రామ్‌లో 17వ స్థానానికి పడిపోయి, ఫ్రీ స్కేటింగ్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు సాధించి కూడా మొత్తం మీద 5వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. స్వర్ణం 2022లో గాని అందలేదు. సీనియర్ పోటీలకు కనీస వయసును 17కు పెంచడం కూడా ఈ పిల్లలకు మేలే చేస్తుందని నా నమ్మకం, ఎందుకంటే ఒడ్డూపొడుగూ మారే వయసులో తడబడిన జంపులు కుదురుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.