పిల్లలకు క్లాసులో ప్రోగ్రామింగ్ సరదాగా నేర్పాలంటే ఏ యాప్ వాడాలి?

ఆరు, ఏడు తరగతులకు పన్నెండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను కాబట్టి ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. యాప్ సంగతి తర్వాత చూద్దామండీ. పిల్లలు చేసిన తప్పు వాళ్ల కళ్లకే కనబడాలి, టీచర్ కాసేపు నోరు కట్టుకోవాలి. ఈ రెండూ ఉంటే సరదా దానంతట అదే వస్తుంది.

ఒక రోజు జరిగింది చెబుతాను. లోగో అని పిల్లల కోసం చేసిన ప్రోగ్రామింగ్ భాష ఒకటుంది. అందులో తెర మీద ఒక తాబేలు ఉంటుంది, ఫార్వర్డ్ 100 అంటే గీత గీస్తూ ముందుకెళ్తుంది, రైట్ 90 అంటే కుడికి తిరుగుతుంది. చతురస్రం అందరికీ ఇట్టే వచ్చేసింది. తర్వాత మూడు భుజాలూ సమానంగా ఉండే త్రిభుజం గీయమన్నాను. లెక్కల టీచర్ పుణ్యమా అని కోణం 60 డిగ్రీలని అందరికీ కంఠతా వచ్చు. క్లాసంతా రైట్ 60 కొట్టారు. త్రిభుజం రాలేదు, ఒరిగిపోయిన గిన్నెలా ఏదో వచ్చింది. వెనక బెంచీ అమ్మాయి ఒకతి లేచి, "టీచర్, కంప్యూటర్‌కి లెక్కలు రావు" అంది.

జవాబు నా నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాను. సుద్దముక్కతో నేల మీద పెద్ద త్రిభుజం గీసి, "నువ్వే తాబేలువి, నడువు" అన్నాను. నడిచింది. మూల దగ్గర ఆగి 60 డిగ్రీలు తిరిగింది. చూస్తే ముఖం గోడ వైపు ఉంది, గీత వైపు లేదు. ఇంకొంచెం తిరిగింది. క్లాసంతా "ఇంకా, ఇంకా" అని ఒకటే అరుపులు. గీతకు సరిగ్గా వచ్చాక వెనక్కి చూసుకుని, "నేను తిరిగేది లోపలి కోణం కాదు టీచర్, బయటిది!" అంది. 180లో 60 పోతే 120. అంతే, అందరూ కీబోర్డుల మీద పడ్డారు. ఇంకో అబ్బాయి అంకెలు మార్చి మార్చి 144 దగ్గర అయిదు కోణాల నక్షత్రం పట్టేశాడు. ఎందుకు వచ్చిందో వాడికీ తెలియదు. అందరూ కలిసి కూడితే అయిదు 144లు 720, అంటే తాబేలు సరిగ్గా రెండు చుట్లు తిరిగిందన్నమాట. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. పక్క క్లాసు టీచర్ మాత్రం గోల భరించలేక వచ్చారు. నిశ్శబ్దంగా ఉంటేనే చదువు అనుకునేవాళ్లతో ఇదే తంటా.

తాబేలులా నడిపించడం నేను కనిపెట్టిందేమీ కాదు. 1967లో లోగోను తయారుచేసినవారిలో ఒకరైన సేమోర్ పాపర్ట్ ఆలోచనే అది. తొలినాళ్లలో నేల మీద పాకే రోబో తాబేలు కూడా ఉండేది. 2007లో అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయపు మీడియా ల్యాబ్ విడుదల చేసిన స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ భాషదీ అదే వంశం. అందులో టైపింగ్ బాధ లేదు, తెర మీద ఆదేశాలు రాసి ఉన్న దిమ్మెలను ఒకదానికొకటి తగిలించి అందులోని పిల్లి బొమ్మను ఆడించడమే. కానీ బోర్డు మీద చూసి నలభై మందీ ఒకే పిల్లిని ఒకేలా నడిపిస్తే అది ప్రోగ్రామింగ్ కాదు, చూచిరాత. ఇలాంటి "ప్రాజెక్టులు" చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో మాట. ఒక్కొక్కరికీ ఒక కంప్యూటర్ ఇవ్వకండి, డబ్బున్నా సరే. ఇద్దరికి ఒకటి చాలు. ఒకరు కీబోర్డు దగ్గర, రెండోవారు నోటితో చెప్పడం మాత్రమే, పది నిమిషాలకోసారి మార్పు. ఒంటరిగా కూర్చున్నవాడు ఇరుక్కుంటే కిటికీలోంచి బయటికి చూస్తాడు, జంట అయితే పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటలోనే సగం పాఠం అయిపోతుంది.

ఇన్ని చేశాక పరీక్షలో వచ్చిన ప్రశ్న ఏమిటో తెలుసా? "లోగో అనగానేమి? దాని లక్షణాలు అయిదు వ్రాయుము." ఆ అమ్మాయి రెండు లక్షణాలు రాసి, మిగతా ఖాళీలో త్రిభుజం గీసి, మూల దగ్గర 120 అని వేసింది. పదికి నాలుగు వచ్చాయి. దిద్దింది నేనే.