0.1 మోలార్ కలిపితే 0.015 ఎందుకొచ్చింది?

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ చదువుతున్నాను. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంలో రాగి తీగ ముంచి, పక్కన సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ పెట్టి కొలిస్తే 89 మిల్లీవోల్టులు వచ్చింది. వోల్టేజి నుంచి గాఢత లెక్కగట్టే నెర్న్‌స్ట్ సమీకరణంలో వేస్తే గాఢత 0.015 మోలార్ అంటోంది. నేను కలిపింది 0.1. తూకం రెండుసార్లు చూసుకున్నాను. రికార్డు ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది. - ఒక విద్యార్థిని, తెనాలి

జవాబు: రికార్డులో ఆ 89 కొట్టేయకు తల్లీ, చక్కటి రీడింగ్ అది. 25 డిగ్రీల దగ్గర రాగి ఎలక్ట్రోడ్ ప్రమాణ విలువ 340 మిల్లీవోల్టులు. గాఢత పది రెట్లు తగ్గినప్పుడల్లా 29.6 పోతుంది. 0.1 మోలార్‌కి 310, అందులో రిఫరెన్సు, అంటే పక్కన పెట్టిన సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్ విలువ 197 తీసేస్తే 113 రావాలని నువ్వు ఎదురుచూశావు. కానీ తీగకు తెలిసేది యాక్టివిటీ, అంటే స్వేచ్ఛగా పనిచేసే అయాన్ల లెక్క. రెండు ధనావేశాలున్న రాగి అయాన్ చుట్టూ సల్ఫేట్ అయాన్లు మూగుతాయి, కొన్ని జతకట్టేస్తాయి. 0.1 మోలార్ కాపర్ సల్ఫేట్‌కి పట్టికల్లో యాక్టివిటీ గుణకం (గాఢతను దేంతో గుణిస్తే యాక్టివిటీ వస్తుందో ఆ సంఖ్య) 0.15 ఉంటుంది. గుణించి చూడు, నీ జవాబే వస్తుంది!

నమ్మకం కుదరకపోతే అదే బీకరులో అమ్మోనియా చుక్కలు వేస్తూ పో. ముందు లేత నీలం అవక్షేపం, తర్వాత సిరా లాంటి ముదురు నీలం. రాగి ఒక్క రవ్వ కూడా బయటకు పోలేదు, అయినా అమ్మోనియా రాగి అయాన్లను పట్టేసుకోవడంతో మీటరు వందల మిల్లీవోల్టులు దిగుతుంది. మా పిల్లలకు నేను అన్నిటికన్నా ముందు ఇదే చూపించేదాన్ని.

గాఢతే కావాలంటే సమీకరణంలో నేరుగా వేయకు. 0.01, 0.001, 0.0001 మోలార్ స్టాండర్డ్‌లు (గాఢత తెలిసిన ద్రావణాలు) చేసుకో. వాటన్నిటిలో, తెలియని ద్రావణంలో కూడా పొటాషియం నైట్రేట్ 0.1 మోలార్ ఉండేలా కలుపు, అప్పుడు యాక్టివిటీ గుణకం అన్నిటిలో దాదాపు ఒకేలా ఉంటుంది. క్లోరైడ్ మాత్రం వద్దు, అది రాగితో కలిసి లెక్క చెడగొడుతుంది. లాగ్ గాఢతకి మిల్లీవోల్టుల గ్రాఫ్ గీస్తే వాలు 29, 30 దగ్గర ఉండాలి. ప్రతిసారీ తీగను సన్న ఎమరీ కాగితంతో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడుగు. ఒక్క మిల్లీవోల్టు తేడా వస్తే గాఢతలో 8 శాతం తప్పు పడుతుంది, కాబట్టి రీడింగ్ నిలకడగా ఆగేదాకా రాయకు.

ఈ తీగతో తాగునీళ్లు పరీక్షించాలని మాత్రం చూడకు. అక్కడ రాగికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ఆమోదయోగ్య హద్దు లీటరుకు 0.05 మిల్లీగ్రాములు. అంత పలచటి నీళ్లలో కరిగిన ఆక్సిజనే తీగను తింటూ రీడింగ్‌ని మార్చేస్తుంది. దానికి సల్ఫైడ్ పొర ఉన్న కాపర్ ఎలక్ట్రోడ్ వేరే దొరుకుతుంది, సమీకరణం మాత్రం ఇదే.