థాంక్స్‌గివింగ్ విందుకి 30 డాలర్లలో కొవ్వొత్తుల అలంకరణ

ప్రశ్న: అక్కా, మేము టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఈసారి థాంక్స్‌గివింగ్‌కి మావారి ఆఫీసు వాళ్లు, పక్కింటి వాళ్లు కలిపి ఎనిమిది మందిని భోజనానికి పిలిచాం. టేబుల్ మీద కొవ్వొత్తులు పెట్టి అందంగా చేయాలని నా కోరిక, కానీ షాపుల్లో టేబుల్ మధ్యలో పెట్టే సెంటర్‌పీస్‌ల ధరలు చూస్తే టెన్షన్ వస్తోంది. 30 డాలర్లలో అవుతుందా? మాకు రెండేళ్ల బాబు ఉన్నాడు.
— ఒక పాఠకురాలు

జవాబు: హాయిగా అవుతుందమ్మా. ముందు వాళ్లని ఎన్నింటికి పిలిచావో చూసుకో, ఎందుకంటే అమెరికాలో చాలామంది ఈ భోజనం మధ్యాహ్నం రెండు మూడింటికే పెట్టేస్తారు, ఆ ఎండ వెలుతురులో ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా కంటికి ఆనవు. మీ డాలస్ వైపు నవంబర్ చివర్లో ఐదున్నర లోపే సూర్యుడు అస్తమిస్తాడు. ఐదింటికి రమ్మను, ఆరింటికి వడ్డించు. పైన సీలింగ్ లైటు ఆపేసి మూలనున్న ల్యాంప్ ఒక్కటి ఉంచితే సగం అలంకరణ అయిపోయినట్టే.

డబ్బు కొవ్వొత్తుల మీదే పెట్టు, షోపీసుల మీద వద్దు. వాసన లేని టీలైట్ల (రేకు గిన్నెలో వచ్చే చిన్న గుండ్రటి కొవ్వొత్తుల) ప్యాకెట్ ఒకటి తెచ్చుకుంటే చాలు, ఒక్కోటి దాదాపు నాలుగు గంటలు వెలుగుతుంది. గుమ్మడికాయ మసాలా వాసన, దాల్చినచెక్క వాసన అంటూ ఊరిస్తాయి గానీ భోజనం దగ్గర అవి అస్సలు వద్దు, నువ్వు కష్టపడి చేసిన పులిహోర ఘుమఘుమలు ఎవరికీ తెలియకుండా పోతాయి.

ఇంట్లో ఖాళీ అయిన పాస్తా సాస్ సీసాలు, పచ్చడి సీసాలు పారేయకు. వేడినీళ్లలో నానబెడితే లేబుల్ ఊడొస్తుంది, మిగిలిన జిగురుకి వంటసోడాలో కాస్త నూనె కలిపి రుద్దు. అడుగున రెండు గుప్పెళ్లు రాళ్లుప్పు పోసి దానిమీద టీలైట్ పెడితే కదలకుండా నిలబడుతుంది, చూడ్డానికి మంచు పడినట్టుంటుంది. సీసాలు ఎత్తు తేడాలతో ఉంటేనే బాగుంటాయి, కాకపోతే ఏదీ అడుగు ఎత్తు దాటకూడదు, ఎదురుగా కూర్చున్న వాళ్ల మొహాలు కనపడాలి కదా. దీపావళికి కొన్న మట్టి ప్రమిదలు మిగిలుంటే వాటిలోనూ టీలైట్లు కూర్చోబెట్టొచ్చు. నూనె దీపాలు మాత్రం అన్నం తినే బల్ల మీద వద్దు, చెయ్యి తగిలితే ఒలుకుతాయి. పూజ కుందులు కూడా ఆ బల్ల మీద పెట్టొద్దు, టర్కీ కోడి మాంసం కూడా అక్కడే తింటారు.

వీటన్నిటినీ పొడుగాటి ట్రేలో సర్దు. బాబు బల్ల దగ్గరికొస్తే అన్నీ ఊది ఆర్పేసి ఒక్కసారే ఎత్తి పక్కన పెట్టేయొచ్చు. కింద వేలాడే టేబుల్ క్లాత్ వేయకు, పిల్లలు మొదట పట్టుకు లాగేది దాన్నే. ఎండుటాకులు శరదృతువుకి ఎంత అందమో నిప్పు పక్కన అంత ప్రమాదం. మండే వస్తువేదైనా కొవ్వొత్తికి కనీసం అడుగు దూరంలో ఉండాలి, అందుకే ఆకుల్ని గుమ్మం దగ్గర పెట్టు. బల్లకి రెండు చివర్లా చామంతులు పెట్టు. ఈ కాలంలో అక్కడ కిరాణా షాపుల ముందు కూడా చామంతి కుండీలు అమ్ముతారు. ఒక్క కుండీ కొంటే పూలు తుంచి గిన్నెల్లో నీళ్ల మీద తేలించొచ్చు. బొమ్మ గుమ్మడికాయలు హాలోవీన్ అయ్యాక చవకవుతాయి, నాలుగు చాలు.

ఇవేవీ కొనేముందు మీ లీజు ఒకసారి చదువు. కొన్ని అపార్ట్‌మెంట్లలో కొవ్వొత్తులు వెలిగించనివ్వరు. మీదీ అలాంటిదైతే అవే సీసాల్లో బ్యాటరీ టీలైట్లు పెట్టు, వెచ్చని పసుపు రంగువి తీసుకో, తెల్లవి ఆసుపత్రి లైట్లలా ఉంటాయి. వాటిలో ఉండే బిళ్ల బ్యాటరీ పిల్లలు మింగితే ప్రాణం మీదికొస్తుంది, మూతకి స్క్రూ ఉన్నవే కొను.

వంటకాలన్నీ కిచెన్ కౌంటర్ మీద పెట్టి ఎవరికి వాళ్లని వడ్డించుకోమను, అప్పుడు దీపాల మీదుగా గిన్నెలు అందించే పని ఉండదు. మైనం చుక్క పడితే వెంటనే తుడవకు. ఐస్ ముక్క పెట్టి గట్టిపడ్డాక పాత కార్డుతో గీకితే లేచొస్తుంది.