మొదటిసారి మహానగరానికి వెళ్తున్నారా? ఖర్చులో కోత ఎక్కడ పెట్టాలో ముందే తేల్చుకోండి

ప్రశ్న: మా ఇద్దరివీ ప్రైవేటు ఉద్యోగాలు. పెళ్లయిన ఇన్నేళ్లకు ఒక మహానగరం చూసి రావాలనుకుంటున్నాం. ఇంకా పది నెలల టైముంది. ఐదు రోజులు, ఐదు రాత్రులు ఉండాలని ప్లాన్. అంత పెద్ద నగరం మేమిద్దరం ఇంతవరకు చూడలేదు. దూరంగా రూము తీసుకుంటే బాగా మిగులుతుందని మావారు అంటున్నారు. చూడాల్సిన చాలా చోట్లకు ఒకే టికెట్‌గా పనికొచ్చే సిటీ పాస్ కొనుక్కోమని స్నేహితులు చెబుతున్నారు. డబ్బు చాలకపోతే పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

జవాబు: ఏ నగరమో మీరు రాయలేదు. అయినా ఇబ్బందేమీ లేదు, డబ్బు లెక్క ఏ మహానగరంలోనైనా దాదాపు ఒకేలా నడుస్తుంది. చాలామంది అక్కడికి చేరాక పొదుపు మొదలుపెడతారు. కాఫీ మానేస్తారు, టాక్సీ ఎక్కకుండా కాళ్లు పీకేదాకా నడుస్తారు. ఇంతా చేస్తే మిగిలేది చిల్లరే. ఏ తేదీల్లో వెళ్తున్నారు, ఎక్కడ దిగుతున్నారు, ఎన్ని రాత్రులు ఉంటున్నారు అన్నవి తేలాయంటే ఖర్చులో పెద్ద భాగం ఇల్లు కదలకముందే ఖాయమైనట్టే. కోత పెట్టాల్సింది అక్కడ.

మీ మొత్తం బడ్జెట్‌ను 100 అనుకుందాం. ప్రయాణానికి 30, బసకు 40, అక్కడి తిండికి, తిరగడానికి, టికెట్లకు కలిపి 20 పెట్టుకోండి. మిగిలిన 10 అనుకోని ఖర్చులకు. మీరు ఎంచుకున్న నగరాన్ని బట్టి మొదటి మూడు అంకెలు అటూఇటూ అవుతాయి. చివరి 10 మాత్రం ప్లాన్ వేసేటప్పుడు ముట్టుకోకండి.

ఇక మీవారి మాట. నగరం మధ్యలో రూముకు రాత్రికి 8, శివార్లలో 6 అనుకుందాం. ఐదు రాత్రులకు 10 మిగిలినట్టు కనిపిస్తుంది. కానీ ఇద్దరూ రోజూ వచ్చి పోవడానికి అదనంగా 1 చొప్పున 5 పోతుంది. ఏదో ఒక రాత్రి ఆలస్యమై టాక్సీ ఎక్కారంటే ఇంకో 2. చేతిలో మిగిలింది 3. ఇక టైము చూడండి. రోజుకు రెండు గంటలు అదనంగా రైల్లో గడిస్తే ఐదు రోజులకు పది గంటలు. అంటే ఊరు చూడాల్సిన ఒక రోజు మొత్తం! మీ 100లో ఒక రోజు విలువ 20. 3 మిగుల్చుకోవడానికి 20 పోగొట్టుకున్నట్టు.

అలాగని మీవారి మాట పూర్తిగా కొట్టిపారేయలేం. మధ్యలో ఉండటం కంటే రైలుకు దగ్గరగా ఉండటం ముఖ్యం. మెట్రో స్టేషన్‌కు పది నిమిషాల నడక లోపల ఉండి, మీరు ఎక్కువగా తిరిగే చోటికి ఎక్కడా రైలు మారకుండా వెళ్లగలిగితే శివార్లలో రూము నిజంగానే లాభం. బుక్ చేసే ముందు ఆ లైనులో ఆఖరి రైలు ఎన్నింటికో చూడండి, ఆ ఒక్క విషయమే టాక్సీ ఖర్చును తేలుస్తుంది. ఇంకోటి, ఆఫీసులు, బ్యాంకులు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో హోటల్ రేట్లు చాలాసార్లు శని, ఆదివారాల్లో తగ్గుతాయి. పర్యాటకులు ముసిరే చోట సరిగ్గా అప్పుడే పెరుగుతాయి. రేటు చూసేటప్పుడు పన్నులు కలిపిన మొత్తమే చూడండి. ఆమ్‌స్టర్‌డామ్ లాంటి చోట పర్యాటక పన్ను ఒక్కటే రూము ధరలో 12.5 శాతం.

చౌక టికెట్ దొరికిందని సంబరపడే ముందు అది ఎక్కడ దింపుతుందో కూడా చూసుకోవాలి. పారిస్ పేరు పెట్టుకున్న బోవే విమానాశ్రయం ఆ నగరానికి 80 కిలోమీటర్ల పైనే ఉంది. టోక్యోకు వెళ్తే నరితా విమానాశ్రయం నుంచి నగరం మధ్యకు సుమారు 60 కిలోమీటర్లు. ఈ దూరానికయ్యే ఛార్జీని ఇద్దరికీ లెక్కేసి టికెట్ ధరకు కలపండి, బ్యాగేజీ ఛార్జీ కూడా కలపండి. అప్పుడు కూడా చౌకగానే ఉంటే కొనండి. అర్ధరాత్రి దిగే టికెట్ల విషయంలో నాకు పెద్దగా నమ్మకం లేదు. కొత్త ఊళ్లో ఆ వేళకు బస్సూ రైలూ ఉండకపోతే టికెట్‌లో మిగిలింది టాక్సీవాడికే పోతుంది.

సిటీ పాస్ చాలామందికి గిట్టుబాటు కాదు. రోజుకు మూడు, నాలుగు టికెట్ల చోట్లు చూసేవాళ్లకే ఆ డబ్బు తిరిగొస్తుంది. కొత్తగా వెళ్లినవాళ్లకు రెండు చూసేసరికే సాయంత్రమవుతుంది. కొన్ని పాసుల్లో రోజు అంటే క్యాలెండర్ రోజు, మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టినా ఒక రోజు అయిపోయినట్టే లెక్క. మీరు కచ్చితంగా చూడాలనుకున్న చోట్ల టికెట్లు కాగితం మీద కూడండి. పాస్ ధర అంతకంటే తక్కువైతేనే తీసుకోండి. పైగా పెద్ద నగరాల్లో ఉచితంగా చూసేవి చాలా ఉంటాయి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ గ్యాలరీల్లో శాశ్వత ప్రదర్శనలకు టికెట్ లేదు. న్యూయార్క్‌లో స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కడానికి డబ్బులివ్వక్కర్లేదు, దారిలో లిబర్టీ విగ్రహం కనిపిస్తుంది. టోక్యో ప్రభుత్వ భవనంలో 202 మీటర్ల ఎత్తునున్న గ్యాలరీల నుంచి నగరాన్ని చూడటం కూడా ఉచితమే.

బస్సు, మెట్రోలకు విడిగా పాస్ కొనే ముందు ఆ ఊళ్లో ఛార్జీకి రోజువారీ గరిష్ఠ పరిమితి ఉందేమో కనుక్కోండి. లండన్‌లో కార్డు ట్యాప్ చేస్తూ ఎంత తిరిగినా ఆ పరిమితి దాటాక ఆ రోజుకు ఇంక డబ్బు కోయరు. అయితే ఇద్దరికీ వేర్వేరు కార్డులుండాలి. వెళ్లేటప్పుడు ఫోన్, వచ్చేటప్పుడు కార్డు ట్యాప్ చేస్తే రెండూ విడివిడి లెక్కలవుతాయి, రెంటికీ కలిపి పరిమితి వర్తించదు.

దేశం దాటకపోతే ఈ పేరా వదిలేయండి. దాటితే మాత్రం షాపులో బిల్లు కట్టే చోట కాస్త ఆగండి. కార్డు పెట్టగానే మెషీన్ తెర మీద రెండు అంకెలు రావచ్చు, ఒకటి అక్కడి కరెన్సీలో, ఇంకోటి మీ దేశపు కరెన్సీలో. మనకు తెలిసిన అంకె కాబట్టి వేలు రెండోదాని మీదికే వెళ్తుంది. దాన్ని నొక్కితే మార్పిడి రేటు ఆ మెషీన్ వాళ్లు వేసిందే, అది సాధారణంగా మీ బ్యాంకు రేటు కంటే ఎక్కువ పడుతుంది. ఎప్పుడూ అక్కడి కరెన్సీనే ఎంచుకోండి. ఏటీఎంలోనూ ఇలాగే అడుగుతుంది, మార్పిడి వద్దని నొక్కినా డబ్బు వస్తుంది. వెళ్లే ముందు మీ కార్డుకు విదేశీ ఛార్జీ ఎంత శాతమో బ్యాంకును అడగండి. ఆరోగ్య ఖర్చులు కవరయ్యే ప్రయాణ బీమా కూడా తీసుకోండి, దాన్ని ప్రయాణం కిందే లెక్కేయండి.

డబ్బు కూడబెట్టడం దగ్గర చాలామంది ఒకటి మర్చిపోతారు. ప్రయాణం పదో నెలలో అయినా ఖర్చు అంతకుముందే మొదలవుతుంది. టికెట్లు, బస కలిపి 70. నెలకు 10 చొప్పున దాచి ఏడో నెలలో రెండూ కొంటే సరిగ్గా సరిపోతుంది, మధ్యలో ఒక్క నెల తప్పితే సరిపోదు. అందుకే రూమును ఉచితంగా రద్దు చేసుకునే వీలుతో, హోటల్లోనే డబ్బు కట్టేలా ముందుగా బుక్ చేయండి. ఈ డబ్బు జీతం పడే అకౌంటులో ఉంచకండి, విడిగా రికరింగ్ డిపాజిట్ తెరవండి. పది నెలల్లో కావాల్సిన డబ్బుతో షేర్ల జోలికి పోవద్దు. అత్యవసర నిధిని కూడా కదపొద్దు.

లోన్ వద్దు. ఐదు రోజుల సరదాకు రెండు, మూడేళ్లు ఈఎంఐ కట్టడం టెన్షన్ కొనితెచ్చుకోవడమే. ఏడో నెలకు 70 చేరకపోతే ఐదు రోజులు, ఐదు రాత్రులను నాలుగేసి చేయండి. బసలో 8, రోజు ఖర్చులో 4, మొత్తం 12 తగ్గుతుంది. ఆఖరి రోజు సామాను హోటల్లోనే పెట్టి సాయంత్రం దాకా తిరగొచ్చు, చాలా హోటళ్లు గది ఖాళీ చేశాక కూడా బ్యాగులు ఉంచుకుంటాయి. అప్పటికీ చాలకపోతే రద్దీ తగ్గే నెలకు ప్రయాణం జరపండి. రూము రద్దుకు ఖర్చు లేదు కాబట్టి నష్టమేమీ ఉండదు. ప్రయాణం టికెట్లు మాత్రం ఇద్దరికీ సెలవులు రాతపూర్వకంగా ఖాయమయ్యాకే కొనండి.