కాపర్ విషం, డాఫ్నియా, 30సి మందు: అసలు పని కంట్రోల్స్‌లోనే (పోలిక గుంపుల్లోనే)

మీ ప్రశ్న: కాపర్ సల్ఫేట్ కలిపిన నీళ్లలో డాఫ్నియా (మంచినీళ్లలో బతికే చిన్న జలచరం) చావడాన్ని, రాగి నుంచి చేసే హోమియో మందు క్యుప్రమ్ 30సి తగ్గిస్తుందా, ప్రయోగం ఎలా పెట్టాలి అని. పెట్టొచ్చు. ఇక్కడ సి అంటే మందుని ఆల్కహాల్‌లో వందో వంతుకి పలచన చేసి కుదిపే ఒక మెట్టు, 30సి అంటే అలాంటివి ముప్పై. కాకపోతే 12సి దాటాక మూలపదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు ఉండదు. కాబట్టి తేడా ఏమైనా కనిపిస్తే ముందు ఆల్కహాల్‌నీ, సీసానీ, మీ చేతినీ అనుమానించాలి.

అన్నిటికంటే ఎక్కువగా ముంచేది ఆల్కహాలే. 90 శాతం ఆల్కహాల్ మి.లీ.కి సుమారు 710 మి.గ్రా. ఇథనాల్. అలాంటి మందు లీటరు నీళ్లలో 1 మి.లీ. వేస్తే 710 మి.గ్రా. పడ్డట్టే. జలచరాల పరీక్షల్లో ద్రావకానికి ఓఈసీడీ (ఇలాంటి పరీక్షలకు ప్రామాణిక పద్ధతులు రాసే అంతర్జాతీయ సంస్థ) పెట్టిన హద్దు లీటరుకు 100 మి.గ్రా. అది దాటితే బాక్టీరియా పెరుగుతుంది, కరిగిన ఆక్సిజన్ పడిపోతుంది, ఆ చావులు కాపర్ ఖాతాలోకి వెళ్తాయి. అందుకే 29సి వరకు ఆల్కహాల్‌లో చేసి, చివరి మెట్టు మాత్రం 1 పాలు మందుకి 99 పాళ్లు శుద్ధజలంతో చేయండి. అప్పుడు 1 మి.లీ. వేసినా ఇథనాల్ లీటరుకు 7 మి.గ్రా. దగ్గరే ఆగుతుంది. పంచదార గుళికలు మాత్రం వద్దు, అవి బాక్టీరియాకి మేతే.

నీళ్లు మీరే కలుపుకోండి. లీటరు శుద్ధజలానికి కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 294, మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 123.25, సోడియం బైకార్బొనేట్ 64.75, పొటాషియం క్లోరైడ్ 5.75 మి.గ్రా. వేసి, రాత్రంతా గాలి పట్టించండి. ఈడీటీఏ అనే రసాయనం ఉన్న ఎమ్4, ఎమ్7 మాధ్యమాలు (డాఫ్నియాని పెంచడానికి కలిపే నీళ్లు) ఈ పనికి పనికిరావు, ఈడీటీఏ కాపర్‌ని పట్టేసి విషాన్ని తగ్గిస్తుంది. పరీక్ష నడిచే 48 గంటలూ మేత వేయకూడదన్నదానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి: ఆల్గే కూడా కాపర్‌ని లాగేస్తుంది.

స్టాక్ (తర్వాత పలచన చేసి వాడుకునే చిక్కటి ద్రావణం) కోసం కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ 0.393 గ్రా. లీటరు నీళ్లలో కరిగిస్తే 100 మి.గ్రా. కాపర్ వస్తుంది. సగం డాఫ్నియా పిల్లలు కదలకుండా పోయే కాపర్ మోతాదు ఎవరి పేపర్ నుంచో ఎత్తుకోకండి. నీటి కాఠిన్యాన్ని బట్టి అది బాగా మారుతుంది, మీ నీళ్లలో మీరే ముందు కనుక్కోవాలి. పైగా ఆ మోతాదు దగ్గర, మోతాదుకీ చావులకీ గీసే వక్రరేఖ నిటారుగా ఉంటుంది. పిపెట్ కాస్త తప్పినా చావుల సంఖ్య చాలా మారిపోయి, మందు పనిచేసిందన్న భ్రమ కలుగుతుంది. అందుకని కాపర్ ద్రావణం ఒకే పెద్ద పాత్రలో చేసి అన్ని బీకర్లకీ అందులోంచే పంచండి, వీలైతే కాపర్‌ని కొలిపించండి.

గుంపులు ఆరు: 30సి, అదే పద్ధతిలో అన్ని మెట్లూ కుదిపిన ఉత్త ఆల్కహాల్, మామూలు నీళ్లు, ఈ మూడూ కాపర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. రెండో గుంపు లేని ప్రయోగానికి విలువ లేదు, గాజు సీసాని కుదిపితే సిలికా, సోడియం లాంటివి కాస్త నీళ్లలోకి దిగుతాయి కదా. గుంపుకి నాలుగు బీకర్లు, బీకరుకి 24 గంటల లోపు పిల్లలు ఐదు, పిల్లకి కనీసం 2 మి.లీ. నీళ్లు, 20 డిగ్రీల వేడి. మెల్లగా కదిపాక 15 సెకన్లలో ఈదలేకపోతే కదలనిదిగా లెక్క. కాపర్ లేని గుంపుల్లో 10 శాతం మించి అలా అయితే ఆ ప్రయోగాన్ని పక్కన పెట్టాలి.

సీసాలకి కోడ్‌లు వేయడం, బీకర్ల స్థానాలు చీటీలతో తీయడం లెక్కపెట్టని మనిషి చేయాలి. లెక్కలన్నీ రాసేసి, విశ్లేషణ పద్ధతి ఖాయం చేశాకే కోడ్ విప్పాలి. గణాంకాల్లో ఒక యూనిట్ అంటే బీకరు, పిల్ల కాదు. ఒకే సీసా మందుతో పదిసార్లు చేసినా ఆ ఒక్క సీసా గురించే తెలుస్తుంది, మందుని మొదటినుంచీ విడివిడిగా కనీసం మూడుసార్లు తయారుచేయండి.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది: కోడ్ వేసిన సీసాలన్నిటిలోనూ ఉత్త నీళ్లే పోసి ప్రయోగం మొత్తం ఒకసారి నడపండి. అక్కడా గుంపుల మధ్య తేడా వచ్చిందంటే, 30సితో మీకు వచ్చే అంతటి తేడాని మందుకి ఆపాదించే వీల్లేదు.