రాయి వయసు వేరు, భూమి వయసు వేరు

ప్రశ్న: కైలాసగిరి మీది రాతిముక్కకు కార్బన్ డేటింగ్ చేయిస్తే భూమి వయసు తెలుస్తుందా?
– ఇంటర్ విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: తెలియదు. కార్బన్-14 గాలిలోంచి చెట్లలోకి, వాటిని తిన్న ప్రాణుల్లోకి చేరుతుంది. ప్రాణం పోయాక 5730 ఏళ్లకోసారి సగమవుతూ పోతుంది. 50 వేల ఏళ్లు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. పైగా కొండరాయి ఏనాడూ ఊపిరి పీల్చింది కాదు.

సరైన పద్ధతి వాడినా ఆ రాయి భూమి వయసు చెప్పదు. విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే ఖోండలైట్ ఒకప్పటి మట్టి, ఇసుక పొరలే. అవి భూమి లోతుల్లోకి దిగి, వేడికీ ఒత్తిడికీ రూపు మారి రాయి అయ్యాయి. తూర్పు కనుమల్లో ఆ మార్పు ప్రధానంగా 100 కోట్ల ఏళ్ల కిందట జరిగింది. భూమికి 454 కోట్లు. ఏ వయసు విన్నా ముందు అడగాల్సింది ఒకటే: ఈ గడియారం ఎప్పుడు మొదలైంది?

ప్రశ్న: ఆ వంద కోట్లు ఎలా లెక్కగడతారు? యురేనియం ఎంత సీసంగా మారిందో చూసి చెబుతారంటారు. కానీ రాయి పుట్టినప్పుడు అందులో ఎంత సీసం ఉందో చూసినవాళ్లు లేరు కదా!
– పాఠకుడు, భీమిలి

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే. దానికి విరుగుడు మీ భీమిలి ఒడ్డు నల్ల ఇసుకలోనే ఉంది. దాని పేరు జిర్కాన్. ఈ స్ఫటికం తయారయ్యేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇప్పుడు లోపలున్న సీసం యురేనియం క్షయమైతే, అంటే దాని పరమాణువులు విచ్ఛిన్నమైతే, వచ్చిందే.

కొన్ని కిలోల రాయిని పగలగొట్టి, పొడిచేసి, జల్లిస్తారు. నీటి ప్రవాహంలో తేలిక గింజల్ని పోగొట్టి, అయస్కాంతంతో ఇల్మనైట్, గార్నెట్ లాంటి ఖనిజాల్ని లాగేస్తారు. మిగిలినదాన్ని బరువైన ద్రవంలో వేస్తే జిర్కాన్ అడుగుకు చేరుతుంది. మిల్లీమీటరులో పదో వంతుండే ఆ గింజల్ని సూక్ష్మదర్శిని కింద ఏరి, ఎపాక్సీ జిగురులో బిగించి, సగానికి అరగదీసి, లేజర్‌తో చిన్న గుంట పెడతారు. లేచిన ఆవిరిని, పరమాణువుల్ని బరువును బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్ తూస్తుంది.

యురేనియం-238 అర్ధజీవిత కాలం, అంటే సగమవడానికి పట్టే కాలం, 447 కోట్ల ఏళ్లు. అది చివరికి సీసం-206 అవుతుంది. యురేనియం-235ది 70 కోట్లు, అది సీసం-207 అవుతుంది. మొదటి జతలో ఇప్పుడు మిగిలి ఉన్న ప్రతి 100 యురేనియం పరమాణువులకు 17 సీసం, రెండో జతలో ప్రతి 100కు 168 సీసం ఉంటే, రెండు గడియారాలూ వంద కోట్లనే చెబుతున్నట్టు. ఒకే గింజలో రెండు గడియారాలుండటమే ఈ పద్ధతి బలం. ఎప్పుడో వేడి తగిలి సీసం కారిపోయి ఉంటే రెండూ పొంతన కుదరక దొంగ దొరికిపోతాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాత గింజ చుట్టూ కొత్త పొర పెరిగి ఉండొచ్చు. లేజర్ రెండింటి మధ్య పడితే వచ్చే వయసు ఏ సంఘటనదీ కాదు. అందుకే ముందు ఎలక్ట్రాన్ పుంజం కింద పొరల బొమ్మ తీసుకుంటారు. ఈ పని ఎగ్గొట్టి ఇచ్చిన వయసును నమ్మకపోవడమే మంచిది.

ప్రశ్న: మరి 454 కోట్లు ఏ రాయి చెప్పింది?
– ఉపాధ్యాయిని, గాజువాక

జవాబు: భూమి మీద పుట్టిన రాయి కాదు. తొలినాటి పైపొర కరిగి, మునిగి, మళ్లీ పుట్టింది. ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ గింజే 440 కోట్ల దగ్గర ఆగిపోతుంది. అందుకే 1956లో అమెరికా శాస్త్రవేత్త క్లెయిర్ పాటర్సన్ ఉల్కల్ని ఆశ్రయించాడు. అమెరికాలో దొరికిన కాన్యన్ డయాబ్లో అనే ఇనుప ఉల్కలోని ఒక ఖనిజంలో యురేనియం దాదాపు లేదు. అంటే అందులోని సీసం సౌరకుటుంబం పుట్టిననాటిదే. దాన్ని రాతి ఉల్కల సీసంతో పోల్చితే 455 కోట్లు తేలింది, 7 కోట్లు అటూ ఇటూ. అంతకుముందు ఆయన్ని ఏడిపించింది ల్యాబ్‌లోని దుమ్మే. పెట్రోలులో కలిపే సీసం గాలి నిండా ఉండేది. గది కడిగి, పాత్రలు ఆమ్లంలో ఉడికించి, రసాయనాల్ని మళ్లీ శుద్ధి చేస్తే తప్ప అంకె నిలవలేదు.

ఉల్కల్లోని అతి పాత రేణువులకు 456.7 కోట్లు. భూమి కూడుకోవడానికి కొన్ని కోట్ల ఏళ్లు పట్టింది కాబట్టి ఆ తేడా ఉండాల్సిందే.

ప్రశ్న: విశ్వానికి రాయి లేదు కదా, 1380 కోట్లు ఎలా చెబుతారు?
– పాఠకుడు, సీతమ్మధార

జవాబు: విస్తరణ వేగాన్ని వెనక్కి తిప్పి. విశ్వం ఎంత వేగంగా విస్తరిస్తోందో చెప్పే అంకె హబుల్ స్థిరాంకం. 978ని (కొలమానాల్ని ఏళ్లలోకి మార్చే సంఖ్య ఇది) దానితో భాగిస్తే వయసు వంద కోట్ల ఏళ్ల లెక్కలో వస్తుంది. 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ లెక్కలో ఆ స్థిరాంకం దాదాపు 500. భాగించి చూడండి, 200 కోట్లు కూడా రాదు. విశ్వం కన్నా భూమే పెద్దదైపోయింది! దూరాలు కొలవడానికి వాడే, వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే సెఫీడ్ నక్షత్రాల్లో రెండు రకాలున్నాయని ఖగోళ శాస్త్రవేత్త బాడే 1952లో చెప్పాక ఆ వయసు రెట్టింపై, తర్వాత ఇంకా పెరిగింది.

విశ్వపు తొలినాటి వెలుగును కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం ఇచ్చిన హబుల్ విలువ 67.4 పెడితే 1450 కోట్లు వస్తుంది. వేగం మొదటి నుంచీ ఒకేలా లేదు. పదార్థం నెమ్మదింపజేసింది, కృష్ణశక్తి (డార్క్ ఎనర్జీ) తర్వాత పెంచింది. అది కలిపితే 0.95తో గుణించాలి: 1380. దగ్గరి గెలాక్సీల నుంచి కొలిస్తే మాత్రం స్థిరాంకం 73 దగ్గర వస్తోంది. ఈ తగువు ఇంకా తేలలేదు. మీ దగ్గరున్న పాత పుస్తకంలో 1370 అని ఉంటే అచ్చుతప్పు అనుకోకండి, అది 2003 నాటి డబ్ల్యూమ్యాప్ ఉపగ్రహం అంకె.