సమాధానం: ప్రొహిబిట్ తర్వాత ‘టు’ ఎందుకు రాదు?

ల్యాబ్ నోటీసులో మీరు రాసిన ‘విజిటర్స్ ఆర్ ప్రొహిబిటెడ్ టు ఎంటర్ ద ల్యాబ్’ని మీ మేనేజరు దిద్దడం సబబే అండి. ప్రొహిబిట్ (నిషేధించడం) వాడే వాక్యంలో మనిషి ముందొస్తే, వెనక ‘ఫ్రమ్’, ఆపైన ‘ఇంగ్’ రూపం రావాలి: ‘విజిటర్స్ ఆర్ ప్రొహిబిటెడ్ ఫ్రమ్ ఎంటరింగ్ ద ల్యాబ్’. పనే ముందొస్తే గొడవే లేదు: ‘స్మోకింగ్ ఈజ్ ప్రొహిబిటెడ్’.

ఈ తప్పు ఎక్కువగా ‘అలౌడ్ టు ఎంటర్’ అలవాటు వల్ల జరుగుతుంది. పైగా దాదాపు అదే అర్థమున్న ఫర్బిడ్‌కి ‘టు’ సరిగ్గా అతుకుతుంది: ‘హర్ ఫాదర్ ఫర్బేడ్ హర్ టు గో’. దీని రూపాలు ఫర్బిడ్, ఫర్బేడ్, ఫర్బిడెన్. ‘ఫర్బిడెడ్’ అనే మాటే లేదు.

వాడుకలో ప్రొహిబిట్ చట్టానికీ, సంస్థ నియమాలకీ చెందినది. ఇంట్లో పెద్దలు వద్దనడానికి ఫర్బిడ్ నప్పుతుంది. అయితే గీత మరీ గట్టిది కాదు. మన రాజ్యాంగంలోనే చూడండి, 17వ అధికరణం అంటరానితనం పాటించడాన్ని ‘ఫర్బిడెన్’ అంటుంది, 23వది వెట్టిచాకిరీని ‘ప్రొహిబిటెడ్’ అంటుంది. నామవాచకం ప్రొహిబిషన్, 1995లో ఆంధ్రప్రదేశ్‌లో అమలైన మద్యనిషేధాన్ని ఇంగ్లిష్ పత్రికలు ఆ మాటతోనే రాశాయి.

ప్రివెంట్‌తో మాత్రం కలపకండి. గేటు మీద బోర్డు ప్రొహిబిట్ చేస్తుంది, తాళం ప్రివెంట్ చేస్తుంది. నిషేధం ఉన్నా జనం దూరిపోవచ్చు, తాళం పడితే దూరలేరు.

మీ నోటీసుకైతే ‘నో ఎంట్రీ ఫర్ విజిటర్స్’ చాలు, దూరం నుంచే చదవొచ్చు.